మూడు రూపాయల ఇరవై పైసలు ఏ పద్దులో వేయాలి?

(ప్రపంచ సైకిల్ దినోత్సవం సందర్భంగా విజయవాడలో జరిగిన సభలో ఒక ప్రభుత్వోద్యోగిని చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న అధ్యక్షులవారికి, కార్యదర్శిగారికి, నన్ను పరిచయం చేస్తూ నాకు రాని రెండు అవార్డులు కూడా ఇచ్చేసిన తమ్ముడికి, ఉదయపు నడక ముగించుకుని చెమట ఆరకుండానే వచ్చి కూర్చున్న పెద్దలకు, వెనక వరుసలో ఫ్యాను కింద చోటు దొరికిన అదృష్టవంతులకు నమస్కారం. శాలువా కప్పినందుకు కృతజ్ఞతలు. రోహిణి కార్తెలో, బెజవాడలో, శాలువా కప్పుకుని నిలబడ్డానంటే ఎలాంటి వాతావరణాన్నైనా తట్టుకోగలనని మీకు ఈపాటికే రుజువై ఉంటుంది. ఇక దీన్ని తీసి కుర్చీ మీద పెడుతున్నాను. అగౌరవమని అనుకోవద్దు.

నాకిచ్చిన అంశం ‘అన్ని కాలాల్లోనూ ఆఫీసుకు ఎలక్ట్రిక్ సైకిల్’. ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3ను సైకిల్ దినంగా ప్రకటించింది. తేదీని ఎంచినవారు మన ఊరి ఎండ చూసి ఉండరు. సైకిలెక్కమని మనకు చెప్పడానికి ఏడాది మొత్తంలో ఇంతకంటే కష్టమైన వారం లేదు. ఒక రకంగా అదీ మంచిదే. ఈ వారం తొక్కగలిగినవాళ్లు మిగతా ఏడాది నిశ్చింతగా తొక్కగలరు.

సభ మొదలయ్యే ముందు ఒక పెద్దాయన, “మోటారున్నదాన్ని సైకిలంటారా అమ్మా?” అని అడిగారు. చట్టం సైకిలనే అంటోంది బాబాయిగారూ. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు సామర్థ్యం 250 వాట్ల లోపు ఉండి, వేగం గంటకు 25 కిలోమీటర్లు చేరగానే మోటారు సాయం ఆగిపోయే పెడల్ బండి మోటారు వాహనం కిందికి రాదు. లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. నాది అలాంటిదే. వెనక చక్రం మధ్యలో హబ్ మోటారు ఉంటుంది, ఫ్రేముకు తాళంతో ఊడదీసుకునే బ్యాటరీ ఉంటుంది. తొక్కడం మాత్రం నేనే తొక్కుతాను. నాకు కష్టమైనచోట అది ఒక చెయ్యి వేస్తుంది, అంతే.

మా ఇల్లు ఉండవల్లి వైపు, ఆఫీసు గవర్నరుపేట వైపు. మధ్యలో ప్రకాశం బ్యారేజీ. 1957లో వచ్చిన ఆ బ్యారేజీ పొడవు సుమారు 1,223 మీటర్లు, గేట్లు 70. భారీ వాహనాలను దాని మీదికి రానివ్వరు కనుక నాలాంటివాళ్లకు ప్రాణం హాయిగా ఉంటుంది. లారీ హారన్ లేకుండా కృష్ణ దాటడం ఈ రోజుల్లో చిన్న సుఖం కాదు.

కాని బ్యారేజీ మీద అసలు సమస్య ఎండ కాదు, గాలి. ఈ సంగతి సైకిల్ తొక్కనివాళ్లకు తెలియదు. పొద్దున ఉత్తరానికి వస్తుంటే పడమటి వడగాడ్పు ఎడమ చెంపను వాయిస్తుంది. సాయంత్రం దక్షిణానికి తిరిగి వెళ్తుంటే సముద్రం వైపు నుంచి వచ్చే గాలి ముందు నుంచి అడ్డుపడుతుంది. మామూలు సైకిల్ మీదైతే నలభయ్యో గేటు దాటేసరికి మోకాళ్లు మొరాయిస్తాయి. మోటారు ఉంటే అవి నిశ్శబ్దంగా ఉంటాయి, అరిచేది బ్యాటరీ. ఎదురుగాలి గట్టిగా ఉన్న సాయంత్రం బ్యాటరీ గీతలు రెండు రోజుల పని ఒక్కరోజులో చేసినట్టు పడిపోతాయి. కంపెనీవాళ్లు అట్ట మీద అచ్చు వేసే కిలోమీటర్లు గాలి లేని చోట, తక్కువ బరువు మనిషితో, చదునైన దారిలో కొలిచినవి. అలాంటి దారి మన జిల్లాలో ఎక్కడుందో నాకు చూపించండి.

ఎండ గురించి చెప్పాలి. మనిషి జాగ్రత్తలు మీకు తెలిసినవే. తలకు తడిగుడ్డ, దాని మీద హెల్మెట్, సంచిలో మజ్జిగ సీసా, తొమ్మిదిలోపు ఆఫీసు చేరడం. చీర కట్టుకుని తొక్కను. చుడీదార్‌లో వస్తాను, చున్నీ వెనక ముడి వేస్తాను. మొదట్లో ఆఫీసులో కొందరు కళ్లతో ప్రశ్నించారు. ఇప్పుడు వాళ్ల అమ్మాయిలకు ఏ సైకిల్ కొనాలో నన్నే అడుగుతున్నారు.

బ్యాటరీ జాగ్రత్తలే చాలామందికి తెలియవు. లిథియం బ్యాటరీని వేడి తొందరగా ముసలిదాన్ని చేస్తుంది. చాలా కంపెనీలు 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జింగ్ పెట్టవద్దంటాయి. మన ఊళ్లో నీడలోనే 45కు దగ్గరయ్యే రోజులుంటాయి. ఇక రేకుల కింద, ఎండలో నిలబెట్టిన బండి నల్లటి పెట్టెలో వేడి ఎంతుంటుందో చేయి పెట్టి చూడండి, వెంటనే తీసేస్తారు. అందుకే బండి దిగగానే బ్యాటరీ ఊడదీసి లోపలికి తీసుకెళ్లాలి. కాసేపు చల్లారనిచ్చి, తరవాతే ఛార్జర్ పెట్టాలి. రోజూ నూటికి నూరు నింపనక్కర్లేదు, ఎనభై చాలు.

ఇక్కడికొచ్చాక నేను ఒక మాట చెప్పక తప్పదు. కార్యదర్శిగారు ముందే, “అమ్మా, ప్లగ్ సంగతి ఎత్తకండి, సమయం పడుతుంది” అన్నారు. క్షమించాలి సార్. బ్యాటరీ లోపలికి తీసుకెళ్లాలని చెప్పాక, లోపలికి తీసుకెళ్తే ఏం జరిగిందో చెప్పకపోతే ఎలా?

మా ఆఫీసు పేరు చెప్పను. అక్కడ అధికారుల కార్లకు పక్కా షెడ్డు ఉంది. ఉద్యోగుల ద్విచక్ర వాహనాలకు వేపచెట్టు ఉంది. చెట్టు నీడ పదింటికి ఒక వైపు, రెండింటికి మరో వైపు. కాకులు మాత్రం రోజంతా మా వైపే. కాబట్టి బ్యాటరీని సంచిలో పెట్టుకుని నా సీటు దగ్గరికి తెచ్చుకునేదాన్ని. నా బల్ల కింద గోడకు ఒక ప్లగ్ ఉంది. పాత టేబుల్ ఫ్యానుది, ఫ్యాను పాడై స్టోర్‌లోకి పోయింది. దానికి ఛార్జర్ పెట్టుకునేదాన్ని. ఎర్ర దీపం పచ్చగా మారేది. ఎవరికీ ఇబ్బంది లేదు.

ఒకరోజు మెమో వచ్చింది. ‘ప్రభుత్వ విద్యుత్తును స్వంత అవసరానికి వినియోగించినందుకు సంజాయిషీ ఇవ్వవలసిందిగా’ అని. నేను గుమస్తాగా చేరి ఇంతదాకా వచ్చినదాన్ని, సంజాయిషీ రాయడం నాకు కొత్త కాదు. లెక్క కట్టాను. నా బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు. రెండూ గుణిస్తే 360 వాట్ అవర్లు. వెయ్యి వాట్ అవర్లయితే ఒక యూనిట్. ఛార్జర్‌లో పోయే వేడి కలుపుకున్నా 0.4 యూనిట్. యూనిట్ ఎనిమిది రూపాయలనుకుందాం. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీని పూర్తిగా నింపితే మూడు రూపాయల ఇరవై పైసలు. ఆ డబ్బు రోజూ కట్టేస్తాను, రసీదు ఇప్పించండి అని రాశాను.

సంజాయిషీ పైకి వెళ్లింది, కిందికి వచ్చింది, మళ్లీ పైకి వెళ్లింది. చివరికి సూపరింటెండెంట్‌గారు పిలిచారు. చెడ్డమనిషి కాదు. కుర్చీ చూపించి, టీ తెప్పించి, నిజంగానే బాధపడుతూ అన్నారు: “మేడమ్, మీరు డబ్బు కడతానంటున్నారు, బాగానే ఉంది. ఏ పద్దు కింద జమ చేసుకోమంటారు? మనకు ఆ పద్దు లేదు కదా!”

అయ్యా, అమ్మా, ఆలోచించండి. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గదిలో ఏసీ నడుస్తోంది. బయట సమావేశ మందిరంలో కూడా నడుస్తోంది, అక్కడ మనుషులు లేరు. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్ తాగుతుంది. ఖాళీ కుర్చీలను గంటసేపు చల్లబరిచే కరెంటుతో నాలాంటి ముగ్గురు నలుగురు ఇంటికి చేరతారు. ఖాళీ కుర్చీలకు పద్దు ఉంది. నాకు లేదు. పోనీ, నేను పెట్రోలు బండి మీద వచ్చి వేపచెట్టు కింద పొగ వదిలినా ఎవరూ మెమో ఇవ్వరు.

“ఇంటి దగ్గర నింపుకుని రావచ్చుగా” అంటారు. వస్తున్నాను. బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు రానూపోనూ సరిపోయేది. వయసొచ్చాక దానికీ బలం తగ్గుతుంది. సాయంత్రపు ఎదురుగాలి చెప్పాను కదా. బ్యారేజీ మూసేస్తే కనకదుర్గ వారధి మీదుగా చుట్టూ తిరిగి పోవాలి, అదీ చూశాం. అన్ని కాలాల్లోనూ అంటే మధ్యలో కాస్త ఛార్జింగ్ ఎక్కడో ఒకచోట దొరకాలి. బండి అన్ని కాలాలనూ తట్టుకుంటోంది. తట్టుకోలేనిది మన ఆఫీసుల గోడ మీది ప్లగ్.

సరే, కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. వానలోకి వస్తాను.

వాన గురించి జనానికి ఉన్న భయం ఎక్కువ, ఉండవలసిన చోట లేదు. మంచి బండికి పైనుంచి పడే నీటితో పేచీ లేదు. కింది నుంచి లేచే నీటితోనే పేచీ. చక్రం మధ్య ఇరుసు నేలకు అడుగు ఎత్తు పైచిలుకు ఉంటుంది. నీళ్లు ఆ ఇరుసు దాకా వస్తే దిగి, బండి నడిపించుకుని వెనక్కి తిరగండి. మోటారు అక్కడే ఉంది. రెయిన్‌కోటు చొక్కా, ప్యాంటు విడిగా ఉన్నదే కొనండి. దుప్పటిలా కప్పుకునేది గాలికి లేచి చక్రంలో పడుతుంది. వానలో జీబ్రా గీతల మీద బ్రేకు పట్టకండి, జారుతుంది. ఈ సైకిల్ మామూలు సైకిల్ కంటే బరువు, ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది. ఇంటికి రాగానే ఛార్జింగ్ రంధ్రం రబ్బరు మూత తీసి పొడిగుడ్డతో తుడవాలి. సర్వీసింగ్‌లో గన్నుతో నీళ్లు కొట్టనివ్వద్దు. వర్షం చేయని నష్టం ఆ గన్ను చేస్తుంది.

బ్యాటరీ మీద ఐపీ67 అని రాసి ఉంటే చాలామంది అది వరదలో కూడా ఈదుతుందనుకుంటారు. ఆ 7కు అర్థం మీటరు లోతు నీటిలో అరగంట పాటు తట్టుకుంటుందని. అరగంట. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మన సింగ్‌నగర్‌లో నీళ్లు ఎన్ని రోజులు నిలిచాయో ఇక్కడున్నవారిలో సగం మందికి నేను చెప్పనక్కర్లేదు. చేతులెత్తండి, ఆ రోజుల్లో బండి మునిగినవారు? చూశారా, ఇన్ని చేతులు.

మా పెదనాన్నగారి అబ్బాయిది అక్కడే ఇల్లు. ఎలక్ట్రిక్ స్కూటర్ కింద వాటాలో మునిగిపోయింది. నీళ్లు తీశాక అన్నయ్య బ్యాటరీ పైకి మోసి, మేడ మీద చాప పరిచి, పిల్లల సర్టిఫికెట్లు, పట్టా కాగితాలు, తడిసిన ఫొటోల పక్కన దాన్నీ ఎండబెట్టాడు. రెండు రోజుల తరవాత నేను వెళ్లేసరికి ఛార్జర్ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెట్టె పైన ఎండి తళతళలాడుతోంది. నేను వైరు లాక్కున్నాను. మెకానిక్‌కు ఫోను చేస్తే అతను ఒకటే అడిగాడు: “ఊపితే లోపల చప్పుడు వస్తోందా అండీ?” ఊపాం. వచ్చింది. నీళ్ల చప్పుడు. మూత విప్పితే బుడమేరు బురద అడుగున పేరుకుని ఉంది. అలాంటిదానికి కరెంటు పెడితే లోపల షార్టయి అంటుకోవచ్చు. వెంటనే కాకపోతే అర్ధరాత్రి, అందరూ పడుకున్నాక. దయచేసి గుర్తుంచుకోండి. మునిగిన బ్యాటరీ ఎండినట్టు కనబడినా ఛార్జింగ్ పెట్టకూడదు, ఇంట్లో ఉంచకూడదు. అధీకృత సర్వీసువాళ్లకు అప్పగించాలి.

ఆ వరదప్పుడు నేను సైకిలెక్కలేదు. బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది, అంతకుముందు ఎన్నడూ అంత రాలేదు. కొట్టుకొచ్చిన పడవలు గేట్లను గుద్దాయి, రాకపోకలు ఆపేశారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడూ ఎక్కలేదు. పిడుగులు పడుతుంటే బ్యారేజీ మీదికి వెళ్లను, చుట్టూ నీళ్లు, మధ్యలో నేను ఒక్కదాన్నే ఎత్తుగా ఉండడం నాకిష్టం లేదు. కాబట్టి ‘అన్ని కాలాల్లోనూ’ అనే శీర్షిక నుంచి ఈ కొద్ది రోజులు తీసేయండి. ఆ రోజుల్లో కార్లవాళ్లు కూడా ఇంట్లోనే ఉన్నారు.

చలికాలం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సంక్రాంతి ముందు పొద్దున్నే నది మీద మంచు కమ్ముతుంది. ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం వెలిగించుకుంటే చాలు. మన చలికి బ్యాటరీ వణకదు. తొక్కడానికి అంత బాగుండే కాలం మరొకటి లేదు.

మళ్లీ ప్లగ్ దగ్గరికే వస్తున్నాను, నవ్వండి పరవాలేదు. ఆ మెమో తరవాత నా బల్ల కింది ప్లగ్‌కు తెల్ల టేపు అంటించారు. ఇప్పుడు నేను ఆఫీసు పక్క జిరాక్స్ దుకాణంలో ఛార్జింగ్ పెట్టుకుంటున్నాను. ఆ దుకాణమామ్మ రోజుకు అయిదు రూపాయలు తీసుకుంటుంది. తన పద్దు పుస్తకంలో నా పేరు మీద ఒక పేజీ పెట్టింది. ఏడో తరగతి చదివిన మనిషి.

మీలో చాలామంది పెద్ద పెద్ద ఆఫీసుల్లో పని చేసి రిటైరయినవారు. ఫైలు ఎక్కడ ఆగుతుందో, ఎవరిని అడిగితే కదులుతుందో మీకు తెలిసినట్టు నాకు తెలియదు. ఒక అర్జీ రాసి తెచ్చాను. అందులో అడిగింది మూడే. ద్విచక్ర వాహనాలకు రేకుల షెడ్డు, గాలి ఆడేలా. ఆ షెడ్డులో ఒక ప్లగ్, దానికి విడిగా మీటరు. మీటరు ప్రకారం డబ్బు కట్టడానికి ఒక పద్దు. అర్జీ ఆ పక్క బల్ల మీద, మజ్జిగ గ్లాసుల దగ్గర ఉంది. పెన్నులు రెండున్నాయి. కళ్లజోడు మరచిపోయి వచ్చినవారికి నేను చదివి వినిపిస్తాను. సూపరింటెండెంట్‌గారు కూడా సంతకం పెడతానన్నారు, రిటైరయిన మర్నాడు. అది వచ్చే నెల.