పిల్లలకు చుక్కలు చూపించడం ఎలా? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. సంక్రాంతి సెలవులు దగ్గర పడ్డాయి, పిల్లలు రాత్రిపూట డాబాల మీదికి చేరే రోజులు. వాళ్ళకు నక్షత్రాలను పరిచయం చేయడంపై మీ సందేహాలు తీర్చడానికి ఖగోళ శాస్త్రం బోధించే మేడం మనతో ఉన్నారు. మొదటి ఫోను తెనాలి నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం మేడం. మా బాబుకు ఆరేళ్ళు. పుస్తకంలో సప్తర్షి మండలం బొమ్మ చూసి, అదే కావాలంటాడు. రోజూ ఎనిమిదింటికి డాబా ఎక్కి వెతుకుతున్నాం. ధ్రువ నక్షత్రం కూడా దొరకడం లేదు.

నిపుణురాలు: ఎలా దొరుకుతుంది తల్లీ? ఈ నెలలో ఆ వేళకు సప్తర్షులు ఇంకా పూర్తిగా ఉదయించరు. ఏడుగురినీ చూడాలంటే అర్ధరాత్రి దాకా జాగారం చేయాలి. ఏప్రిల్, మే నెలల్లో అయితే రాత్రి తొమ్మిదికల్లా ఉత్తరాన బాగా పైకి వచ్చి ఉంటారు. ఇక ధ్రువుడి సంగతి. ఊరి అక్షాంశం ఎంతో, ఆకాశంలో ఆయన ఎత్తు ఇంచుమించు అంత. తెనాలికి 16 డిగ్రీలు. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. అంటే నేల అంచు నుంచి పిడికిలిన్నర ఎత్తు! ఆయన్ని దాచేయడానికి ఎదురింటి నీళ్ళ ట్యాంకు చాలు. పైగా పేరుకు తగ్గ మెరుపు కూడా లేదు.

శ్రోత: మరి ఇప్పుడేం చూపించమంటారు?

నిపుణురాలు: తూర్పుకు తిరిగి తల పైకెత్తండి. దాదాపు నిలువుగా, ఒకే వరుసలో మూడు చుక్కలు ఉంటాయి. మీరు వేలు పెట్టి చూపించకండి, బాబునే వెతుక్కోనివ్వండి. దొరికాక, వాటికి ఎడమవైపు ఎర్రగా ఏముంది, కుడివైపు తెల్లగా ఏముంది అని అడగండి. ఎర్రది ఆర్ద్ర, తెల్లది రైగెల్. పేర్లు ఆ తర్వాత చెప్పినా చాలు. నడినెత్తిన ఒక చిన్న గుంపు కనిపిస్తుంది, అవి కృత్తికలు. మన పల్లెల్లో పిల్లలకోడి అంటారు. ఎన్ని చుక్కలున్నాయో లెక్కపెట్టమనండి. చాలామందికి ఆరు కనిపిస్తాయి. వాడు ఏడంటే వాదించకండి.

వ్యాఖ్యాత: తర్వాత వరంగల్ నుంచి.

శ్రోత: మేడం, ఫోనులో ఆకాశం చూపించే యాప్ ఉంది. మా అమ్మాయి దాన్ని పైకెత్తి పట్టుకుని తెరనే చూస్తుంది.

నిపుణురాలు: అదే వచ్చిన చిక్కు! కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఒక్కసారి తెర వెలిగిందా, ఆ అలవాటంతా పోయినట్టే. డాబా ఎక్కే ముందు మీరు చూసుకుని, ఫోను కింద పెట్టేసి వెళ్ళండి. వెలుతురు తప్పదనుకుంటే టార్చికి ఎర్ర కాగితం చుట్టండి.

వ్యాఖ్యాత: కర్నూలు నుంచి ఒకరు చాలాసేపటిగా లైనులో ఉన్నారు.

శ్రోత: మేడం, మా మామగారు పోయిన ఏడాది కాలం చేశారు. పాపకు ఐదేళ్ళు. తాతయ్య చుక్కయ్యాడని ఊరడించాం. ఆగ్నేయాన అన్నిటికన్నా ఎక్కువగా మెరిసేదాన్ని చూపించాం. రోజూ పడుకునే ముందు దానికి కబుర్లు చెబుతుంది. నక్షత్రాలంటే మండే సూర్యుళ్ళని మొన్న బడిలో చెప్పారట. 'తాతయ్యకు కాలదా?' అని అడుగుతోంది.

నిపుణురాలు: మీరు చెప్పేది సిరియస్ అయి ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ముందుంది. మే నెలాఖరుకల్లా అది సాయంత్రమే పడమట దిగిపోతుంది. ఆ తర్వాత కొన్ని వారాలు సూర్యుడి దరిదాపుల్లో ఉండి అసలు కనిపించదు. 'తాతయ్య మళ్ళీ పోయాడా?' అంటే ఏం చెబుతారు? ఈలోపే చెప్పేయండి. తాతయ్యను తలచుకోవడానికి ఆ చుక్కను గుర్తుగా పెట్టుకున్నామని, ఆగస్టులో తెల్లవారుజామున తూర్పున మళ్ళీ వస్తుందని. దాని వెలుగు మనల్ని చేరడానికి సుమారు ఎనిమిదిన్నరేళ్ళు పడుతుంది. పాప ఈ రోజు చూసే వెలుగు తాను పుట్టకముందు, తాతయ్య తిరుగాడుతున్న రోజుల్లో బయల్దేరింది. ఇందులో అబద్ధమేమీ లేదు.

శ్రోత: ఏడుస్తుందేమోనండి.

నిపుణురాలు: ఏడవనివ్వండమ్మా. పక్కన మీరుంటారు కదా.

వ్యాఖ్యాత: ఆఖరి ఫోను గుంటూరు నుంచి, ఒక తాతగారు.

శ్రోత: అమ్మా, మా మనవడు న్యూజెర్సీలో ఉంటాడు. రాత్రి ఏడున్నరకు వీడియోలో చుక్కలు చూపిద్దామని పిలిస్తే, తాతా, ఇక్కడ పొద్దున్న తొమ్మిది అంటాడు!

నిపుణురాలు: అయితే మీరు ఉదయం ఆరున్నరకు పిలవండి బాబాయి గారూ. వాళ్ళకప్పుడు ముందురోజు రాత్రి ఎనిమిది. ఇందాక చెప్పిన మూడు చుక్కలు వాడికీ కనిపిస్తాయి. ముందురోజు రాత్రి మీరు చూసి ఉంచుకోండి. మాటలతో దారి చెప్పండి, వాడు వెతుకుతాడు. ధ్రువుడు ఎన్ని పిడికిళ్ళ ఎత్తులో ఉన్నాడో కూడా అడగండి. అక్కడ నాలుగొస్తాయి, మీకు ఒకటిన్నరే. ఎందుకని వాడే అడుగుతాడు.

శ్రోత: అడిగితే?

నిపుణురాలు: ఒక నారింజపండు దగ్గర పెట్టుకోండి. భూమి గుండ్రంగా ఉందని చెప్పడానికి పనికొస్తుంది.