మళ్ళీ వంకర తిరిగిన నది

నమస్కారం. ఇవాళ కిస్సిమ్మీ అనే నది గురించి మాట్లాడుకుందాం. పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్ళు ఈ పేరు వినే ఉంటారు, ఎందుకంటే డిస్నీ వరల్డ్ చూడ్డానికి వెళ్ళిన మనవాళ్ళు చాలామంది రూము తీసుకునేది ఆ పక్కనే ఉన్న కిస్సిమ్మీ ఊళ్ళో. ఊరి పేరే నదికీ ఉంది. ఫ్లోరిడా నడుమ ఉన్న సరస్సుల్లో పోగైన నీళ్ళు ఈ నదిలో పడి, దక్షిణంగా పారి ఒకీచోబీ అనే పెద్ద సరస్సులో కలుస్తాయి. నేను కూడా మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు డిస్నీ చూశాను, కాళ్ళు వాచాయి, డబ్బులు అయిపోయాయి. ఆ తర్వాత ఒకరోజు పట్టుబట్టి మా బావగారి చేత కారు తీయించి ఈ నది చూడ్డానికి వెళ్ళాను. ఏముంది అక్కడ, బురద తప్ప అన్నారాయన. బురద కోసమే వెళ్దామన్నాను.

నాకెందుకంత పట్టుదలో చెప్పాలంటే ముందు మా ఊరి కాలువ దగ్గరికి రావాలి. మాది పశ్చిమ గోదావరిలో ఒక చిన్న ఊరు. ఊరి వెనక చేల మధ్య ఒక మురుగు కాలువ పాములా మెలికలు తిరుగుతూ పోయేది. చింతచెట్టు దగ్గర మలుపులో ఒక మడుగు ఉండేది. ఆ మలుపుకి బయటివైపు గట్టు కింద వేళ్ళ మధ్య చెయ్యి పెడితే బొమ్మిడాయిలు జారేవి, లోపలివైపు ఇసకలో జెల్లలు, పరిగలు. నాకు ఈత వచ్చిందీ అక్కడే, మా నాన్న చేతిలో దెబ్బలు తిన్నదీ అక్కడే. ఒక వేసవిలో పొక్లెయిన్ వచ్చింది. కాలువ వంకరగా ఉంది కాబట్టి నీళ్ళు లాగడం లేదని నాలుగు రోజుల్లో దాన్ని స్కేలు పెట్టి గీసినట్టు చేసి, చింతచెట్టు కొట్టేసి, మడుగు పూడ్చేసి వెళ్ళిపోయింది. నీళ్ళు లాగిన మాట నిజమే. రెండేళ్ళు తిరిగేసరికి గాలం వేస్తే మట్టగిడసలు, ఇంగిలాయిలు తప్ప ఇంకేం పడేవి కాదు.

కిస్సిమ్మీకి జరిగింది కూడా ఇదే, కాకపోతే అమెరికా సైజులో. 1947లో రెండు తుపాన్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆ ప్రాంతాన్ని ముంచేశాయి. జనం గోల పెట్టారు, అందులో తప్పేం లేదు, ఇల్లు మునిగినవాడికి చేపల గురించి చెబితే వినడు. ప్రభుత్వం సైన్యంలోని ఇంజనీర్ల విభాగాన్ని రంగంలోకి దించింది. 1962లో తవ్వకం మొదలుపెట్టి 1971కి పూర్తి చేశారు. అంతకుముందు 166 కిలోమీటర్ల పొడవున వంకలు తిరుగుతూ పారిన నది, 90 కిలోమీటర్ల తిన్నని కాలవ అయిపోయింది. లోతు 30 అడుగులు, అంటే మూడంతస్తుల మేడ దాదాపు మునుగుతుంది. వెడల్పు 300 అడుగులు. మధ్యలో ఆరు చోట్ల గేట్లు. దాని పేరు కూడా మార్చేశారు, సి-38 అట. నదికి నంబరు వేశారంటేనే అర్థం చేసుకోవచ్చు.

ఇక్కడ కొంచెం ఆగి, వంకరలో అంత ఏముందో చెప్పాలి. నీళ్ళు మలుపు తిరిగేటప్పుడు బయటి గట్టు వైపు జోరుగా కొట్టుకుంటాయి, అక్కడ కోసుకుపోయి లోతు పడుతుంది. లోపలివైపు నెమ్మదిస్తాయి, అక్కడ ఇసక మేట వేస్తుంది. అంటే ఒకే మలుపులో లోతూ ఉంది, పలచనా ఉంది, వడీ ఉంది, నిలకడా ఉంది. మండే ఎండలో పెద్ద చేప లోతులోకి పోయి చల్లగా పడుకుంటుంది, గుడ్లు పెట్టడానికి పలచటి ఇసక మీదికి వస్తుంది, పిల్లలు గట్టున వేలాడే గడ్డిలో దాక్కుంటాయి. కూలిన చెట్టు ఒకటి నీళ్ళలో పడి ఉంటే దాని కొమ్మలకి నాచు, నాచుకి పురుగులు, పురుగులకి చేపలు. మూడంతస్తుల లోతున నిట్టనిలువుగా తవ్విన కాలవలో ఇవేవీ ఉండవు. ఎంత దూరం పోయినా అదే లోతు, అదే గోడ.

గట్టు దాటాక ఉన్న సంగతి ఇంకా పెద్దది. పాత నదికి రెండు పక్కలా కలిపి రెండు మూడు కిలోమీటర్ల వెడల్పున పల్లపు భూమి ఉండేది. ఏడాదిలో చాలా నెలలు అందులో పలచగా నీళ్ళు నిలిచేవి. మనకి తొలకరికి ఏరు పొంగి చేలల్లోకి ఎక్కితే చేపలు ఎదురీదుకుంటూ మడుల్లోకి వచ్చేస్తాయి చూడండి, పిల్లలు బుట్టలు పట్టుకుని పరిగెడతారు, అచ్చం అలాగే అక్కడి చేపలూ పొంగుతో పాటు పల్లంలోకి వెళ్ళి, మేసి, పిల్లల్ని పెంచుకుని, నీళ్ళు తీస్తుంటే మళ్ళీ నదిలోకి దిగేవి. కాలవ తవ్వాక నీళ్ళు పల్లంలోకి రావడమే మానేశాయి. పల్లం ఎండి పశువుల బీడు అయింది. చలికాలంలో వచ్చే బాతులు పదింట తొమ్మిది రావడం మానేశాయి. మిగిలిన పాత మలుపుల్లో నీళ్ళు కదలక గుర్రపుడెక్క కమ్మేసింది. అది చచ్చి అడుగున పడి కుళ్ళి, ఇసక మీద నల్లటి బురద పొరలు పొరలుగా పేరుకుంది. ఆ కుళ్ళు నీళ్ళలో ఉన్న ఆక్సిజన్ అంతా తాగేసింది.

అప్పుడు మిగిలిన చేపలు ఏవంటారు? బోఫిన్, గార్ అనే రెండు జాతులు బాగా పెరిగాయి. రెండూ పైకొచ్చి నోటితో గాలి పీల్చగలవు. మన కొరమీనులా, మట్టగిడసలా, ఇంగిలాయిలా. ఈ ముక్క చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. వేల మైళ్ళ అవతల, వేరే జాతులు, వేరే నీళ్ళు, అయినా మా ఊరి కాలవలో జరిగినదే పొల్లుపోకుండా జరిగింది. నీళ్ళలో ఊపిరాడనప్పుడు బయటి గాలి పీల్చగలిగినవాడే బతుకుతాడు. అక్కడి జాలర్లు ప్రాణం పెట్టే చేప లార్జ్‌మౌత్ బాస్, పేరుకి తగ్గట్టు ఇంత నోరు దానికి, అది పలచబడింది.

ఇంకో విషయం. తప్పు జరిగిందని తెలుసుకోవడానికి వాళ్ళకి ఎక్కువ కాలం పట్టలేదు. తవ్వకం పూర్తయిన ఐదేళ్ళకే, 1976లో, నదిని బాగు చెయ్యాలని ఫ్లోరిడా శాసనసభ చట్టం చేసింది. తెలుసుకున్నంత తేలిక కాదు కదా దిద్దుకోవడం. 1980ల్లో కాలవకి అడ్డంగా మూడు చోట్ల చిన్న ఆనకట్టల్లాంటివి కట్టి, నీళ్ళని పాత మలుపుల్లోకి మళ్ళించి చూశారు. బెర్క్‌లీ యూనివర్సిటీలో నదికి బొమ్మ నమూనా కట్టి పరీక్షించారు. 1992లో అమెరికా కాంగ్రెస్ ఒప్పుకుంది. పల్లంలోకి నీళ్ళు వదలాలంటే అక్కడ అప్పటికే మనుషుల భూములున్నాయి కదా, సుమారు లక్ష ఎకరాలు సేకరించాల్సి వచ్చింది. పూడ్చడం మొదలయింది 1999లో, పని ముగిసింది 2021 జూలైలో. తవ్వడానికి తొమ్మిదేళ్ళు, అందులో కొంత భాగం పూడ్చడానికి ఇరవై రెండేళ్ళు. ఖర్చు దాదాపు వంద కోట్ల డాలర్లు, సగం కేంద్రం, సగం రాష్ట్రం.

ఎలా పూడ్చారంటే, అప్పట్లో తవ్విన మట్టి ఎక్కడికీ పోలేదు, కాలవ పక్కనే దిబ్బలుగా పడి ఉంది. అదే మట్టిని తీసి అదే కాలవలోకి తోశారు. నాకైతే ఇంతకంటే సూటి పని ఇంకోటి కనపడలేదు. 35 కిలోమీటర్ల కాలవ అలా పూడింది. పాత మలుపులు మిగిలినచోట వాటిని కలిపారు, కాలవో మట్టి దిబ్బో మింగేసినచోట 1950ల నాటి విమానం ఫొటోలు ముందు పెట్టుకుని నది ఎలా పారేదో చూసి మళ్ళీ వంకరగా తవ్వారు. రెండు గేట్ల కట్టడాలను కూల్చేశారు. మొత్తం 70 కిలోమీటర్ల నది మళ్ళీ పారింది. మిగతాది ఇంకా కాలవే, ఎందుకంటే పైన సరస్సుల చుట్టూ ఊళ్ళున్నాయి, వాటిని ముంచలేరు.

గేట్లు కూల్చడం అన్నాను కాబట్టి మన పులస గుర్తొస్తోంది. పుస్తెలమ్మైనా పులస తినాలంటాం గానీ, అది సముద్రంలోంచి ఎర్రనీళ్ళకి ఎదురీదుకుంటూ వచ్చి ధవళేశ్వరం దగ్గర ఆగిపోతుందని ఎంతమంది ఆలోచిస్తాం? 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ అంతే. ఆ ఆనకట్ట లేకపోతే నేను అన్నం తిని పెరిగేవాణ్ణే కాదు, కాబట్టి దాని మీద ఫిర్యాదు చెయ్యను. చేప వైపు నుంచి కూడా ఒకసారి చూస్తున్నాను, అంతే.

సరే, నీళ్ళు వదిలాక ఏమైంది? ఎవరూ చేపపిల్లల్ని తెచ్చి పొయ్యలేదు. ప్రవాహం రాగానే అడుగున ఉన్న బురద కొట్టుకుపోయి కింద ఉన్న తెల్ల ఇసక బయటపడింది. మలుపుల లోపలివైపు మేటలు మళ్ళీ వేశాయి. నీళ్ళలో ఆక్సిజన్ పెరిగింది. బాతులొచ్చాయి, కొంగలొచ్చాయి, బాస్, సన్‌ఫిష్ పెరిగాయి. అంతా సుఖాంతం అనుకోకండి, పెద్ద వానలకి నీళ్ళు ఒక్కసారిగా పొంగి ఆక్సిజన్ పడిపోయి చేపలు చచ్చి తేలిన సందర్భాలు తర్వాత కూడా ఉన్నాయి. పై సరస్సుల నుంచి నీళ్ళు ఎంత మెల్లగా, ఎంత కాలం వదలాలి అన్నదే ఇప్పుడు వాళ్ళకి పెద్ద టెన్షన్.

మేం వెళ్ళినరోజు నీళ్ళు డికాక్షన్ రంగులో ఉన్నాయి. ఆకులు నానిన రంగు అది, మురికి కాదు. ఒడ్డు దగ్గర మోకాటి లోతులో ఇసక మీద గుండ్రటి గుంటలు కనిపించాయి, భోజనం పళ్ళేలు వరసగా పరిచినట్టు. సన్‌ఫిష్ గూళ్ళవి. మగచేప తోకతో ఇసకని ఊడ్చి గుంట చేస్తుంది, ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది, ఇది అక్కడే కాపలా కాస్తుంది. వాటిలో ఒకటి, అరచేతంత ఉంటుంది, నా నీడ పడగానే పారిపోకుండా ఎదురొచ్చింది. మా బావగారు అరగంట వంగి చూశారు. వెనక్కి రమ్మని నేనే పిలవాల్సి వచ్చింది, అవతలి గట్టున మొసలి ఉంది మరి.

ఇండియా వచ్చాక మా ఊరు వెళ్ళినప్పుడు బాబాయితో కలిసి కాలవ గట్టున నడిచాను. చింతచెట్టు ఉన్నచోట ఇప్పుడు ఆయన చేను. ఆ మూల నాలుగు సెంట్లు మాత్రం ఏటా ఊబిలా ఉంటుందట, తుంగ పీకిన కొద్దీ వస్తుందట, వరి కుళ్ళిపోతుందట. ఎక్కణ్ణుంచి వస్తున్నాయిరా ఈ నీళ్ళు అంటాడు. అక్కడ మడుగుండేది కదా బాబాయ్ అన్నాను. ఆయన కాసేపు తుంగ వైపు చూసి, ఇంకో నాలుగు ట్రాక్టర్ల మట్టి తోలిస్తే సరిపోతుందంటావా, అని అడిగాడు.