అగ్ని గుర్రం, అప్లికేషన్ల లెక్క

శ్రోతలకు నమస్కారం.

మే నెల ఎండలో మధ్యాహ్నం మూడు గంటలకు తలుపు తట్టేది ఎవరు? పోయిన వేసవిలో మా ఇంటి తలుపు ముగ్గురు తట్టారు. ముగ్గురూ కాలేజీల పీఆర్వోలే. ఇంటర్ పూర్తయిన పిల్లలున్న ఇళ్లు వాళ్లకు ఎలా తెలుస్తాయో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. మా చెల్లెలి కూతురు మా దగ్గరే ఉండి చదువుకుంది లెండి. మూడోసారి వచ్చినాయన నడివయసు మనిషి. చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయింది, చంకలో ప్లాస్టిక్ ఫైలు. మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెడుతూనే అందుకున్నాడు.

"పోయినేడాది కంటే ఈసారి మాకు అప్లికేషన్లు రెట్టింపు వచ్చాయండీ. వారం ఆగితే సీటు ఉండదు. ఇప్పుడు ఐదు వేలు కడితే ఖాయం చేసేస్తాను."

నేను ముప్పై ఏళ్లు స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పినవాణ్ణి. రెట్టింపు అనే మాట చెవిన పడితే ఊరుకోలేను. ఆయన్ను ఒక ప్రశ్న అడిగాను. అదేమిటో, ఆయన ఏమన్నాడో తరువాత చెబుతాను. ముందు మిమ్మల్ని జపాన్ దాకా తీసుకువెళ్లాలి. కాలేజీ దరఖాస్తులు ఒక ఏడు పెరగడం, ఒక ఏడు తగ్గడం గురించి నాకు తెలిసిన కథల్లో నాకు బాగా ఇష్టమైనది అక్కడిదే.

మనకు ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై సంవత్సరాల పేర్లున్నాయి కదా. జపాన్ వాళ్లకూ చైనా నుంచి వచ్చిన అరవై ఏళ్ల చక్రం ఉంది. నిప్పు, గుర్రం కలిసి వచ్చే ఏడాదిని వాళ్లు హినోఎ ఉమా అంటారు. మనం అగ్ని గుర్రం అనుకుందాం. ఆ ఏడు పుట్టిన ఆడపిల్ల మొగుణ్ణి మింగుతుందని అక్కడొక నమ్మకం. మూలా నక్షత్రంలో పుట్టిన పిల్ల మామగారికి గండమంటూ సంబంధాలు వెనక్కి పంపిన ఇళ్లు మన వీధిలోనే ఉన్నాయి కాబట్టి, వాళ్లను చూసి నవ్వే అర్హత మనకు లేదు.

ఈ నమ్మకానికి ఒక కథ తోడైంది. ఇప్పటి టోక్యోను ఎడో అని పిలిచే రోజుల్లో, 1683లో, ఓషిచి అనే కూరగాయల వ్యాపారి కూతురు ప్రేమించినవాణ్ణి మళ్లీ చూడాలన్న ఆరాటంతో నిప్పు పెట్టిందట. ఆ నేరానికి ఆమెను సజీవంగా దహనం చేశారని చెబుతారు. ఆమె పుట్టింది అగ్ని గుర్రం ఏడాదిలోనేనని జనం చెప్పుకున్నారు. 1906లో అగ్ని గుర్రం మళ్లీ వచ్చింది. ఆ ఏడు పుట్టిన అమ్మాయిలు పెళ్లీడుకు వచ్చాక సంబంధాలు కుదరక పడిన బాధలు చాలా ఇళ్లు చూశాయి.

ఇక 1966. మన పంచాంగంలో పరాభవ. టోక్యోలో ఒలింపిక్స్ జరిగి, బులెట్ రైలు పరుగు మొదలై అప్పటికి రెండేళ్లు. కరువు లేదు, యుద్ధం లేదు, అంటురోగం లేదు. 1965లో జపాన్‌లో 18 లక్షల 20 వేలకు పైగా పిల్లలు పుట్టారు. 1966లో 13 లక్షల 60 వేలు. 1967లో 19 లక్షల 30 వేలు దాటింది. ఒక్క ఏడాది నాలుగో వంతు కాన్పులు తగ్గి, మరుసటి ఏడాదికల్లా మళ్లీ పొంగాయి. కూతురు పుడితే ఎలాగన్న భయంతో ఆ ఒక్క ఏడూ చాలామంది పిల్లలే వద్దనుకున్నారు. తీరా పుట్టినవాళ్లలో కొందరి పుట్టిన తేదీని అటు ముందు డిసెంబరుకో, ఇటు తరువాతి జనవరికో జరిపి రాయించారు. మనకిది వింతేమీ కాదు. మా తరంలో సగం మంది జూన్‌లోనో జులై 1నో పుట్టినవాళ్లమే. అంతా బడిలో చేర్చుకున్న హెడ్మాస్టరుగారి చలవ.

ఇప్పుడు అసలు సంగతి. జనాభా లెక్కలో పడిన ఆ గుంట అక్కడే ఉండిపోలేదు. నడిచింది. పిల్లలతో పాటు తానూ ఏడాదికొక మెట్టు ఎక్కింది. 1973లో ఒకటో తరగతి గదిలోకి వెళ్లి బల్లలు ఖాళీగా మిగిల్చింది. అక్కడి నుంచి పన్నెండేళ్లు బడి మెట్లెక్కి, 1985లో కాలేజీ గేటు దగ్గరికి వచ్చింది. ఆ ఏడు జపాన్‌లో పద్దెనిమిదేళ్ల వాళ్లు 15 లక్షల 60 వేలు. (అక్కడ బడి లెక్క ఏప్రిల్ నుంచి కాబట్టి 1967 తొలి నెలల్లో పుట్టినవాళ్లూ ఇందులో కలిశారు, అందుకే 13 లక్షల 60 వేల కంటే ఎక్కువ.) మరుసటి ఏడు 18 లక్షల 50 వేలు. కాలేజీలు అవే, పాఠాలు అవే, పంతుళ్లు వాళ్లే. 1985లో దరఖాస్తులు పడిపోయాయని ఏ ప్రిన్సిపాలైనా తల పట్టుకుని ఉంటే అది వృథా. 1986లో పెరిగాయని మీసం మెలేసి ఉంటే అదీ వృథాయే. ఆ హెచ్చుతగ్గులు పంతొమ్మిదేళ్ల కిందటే, పురిటి గదిలోనే తేలిపోయాయి.

అయితే ఆ గుంట పరీక్ష హాల్లో పూర్తి లోతుతో కనిపించదు. ముందటేడు సీటు రానివాళ్లు మళ్లీ వచ్చి కూర్చుంటారు. వాళ్లను జపాన్‌లో రోనిన్ అంటారు, యజమాని లేని సమురాయ్ అని. మన దగ్గర లాంగ్ టర్మ్ అంటాం. ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. ఏ పిల్లలు దురదృష్టవంతులని లోకం బెంగపడిందో, వాళ్లకే తరగతి గదిలో చోటు ఎక్కువ దొరికింది, తోటి వయసు వాళ్లతో పోటీ తగ్గింది.

అరవై ఏళ్ల చక్రం తిరిగి 2026లో మళ్లీ అగ్ని గుర్రం, మనకు మళ్లీ పరాభవ. ఈసారి జపాన్‌కు భయపడటానికి మూఢనమ్మకంతో పనిలేదు. 2024లోనే అక్కడ పుట్టినవాళ్లు 6 లక్షల 86 వేలు. దేశమంతా నోరు వెళ్లబెట్టిన 1966 సంఖ్యలో ఇది సగం. మన సంగతీ అటే పోతోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్కల్లో ఒక్కో స్త్రీకి పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో సగటున 1.7, తెలంగాణలో 1.8. ఆ పిల్లలు కాలేజీ గేటు దగ్గరికి వచ్చేసరికి ఈ పీఆర్వోలు ఎవరి తలుపు తడతారో!

పిల్లల సంఖ్య మారకపోయినా, నిబంధన మారితే చాలు, లెక్క తలకిందులవుతుంది. 2024లో తెలంగాణ ఈఏపీసెట్ ఇంజినీరింగ్ విభాగానికి రెండున్నర లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. 2025లో 2 లక్షల 20 వేల దగ్గర ఆగాయి. ఇంజినీరింగ్ మీద మోజు తగ్గిందని తొందరపడకండి. రాష్ట్రం విడిపోయాక పదేళ్లపాటు తెలంగాణ కాలేజీల్లో 15 శాతం సీట్లకు ఆంధ్రప్రదేశ్ పిల్లలూ పోటీపడే వీలుండేది. 2024 జూన్‌తో ఆ పదేళ్లు నిండాయి, 2025 ప్రవేశాల నుంచి ఆ దారి మూసుకుపోయింది. సీటు రాదని తెలిసి గుంటూరు పిల్లవాడు రుసుము ఎందుకు కడతాడు?

ఇంకో చిక్కుంది. మనం లెక్కపెడుతున్నది పిల్లలనా, కాగితాలనా? నా ఉద్యోగం తొలి రోజుల్లో డిగ్రీలో చేరాలంటే ప్రతి కాలేజీకీ వెళ్లి వేరేగా దరఖాస్తు కొనాలి. మార్కుల జాబితా జిరాక్సులు, వాటి మీద గెజిటెడ్ అధికారి సంతకం, ఆకుపచ్చ సిరా. ఒక్క పిల్లవాడు ఐదు కాలేజీల్లో ఐదు దరఖాస్తులు పెట్టేవాడు. ఐదు కాలేజీలూ వాణ్ణి తమ ఖాతాలోనే వేసుకునేవి. తెలంగాణలో 2016లో దోస్త్ అనే ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాల పద్ధతి వచ్చాక ఒక పిల్లకు ఒకే దరఖాస్తు, దాని కిందే ఎన్ని కాలేజీలైనా ఎంచుకోవచ్చు. ఆ రెండు కాలాల లెక్కలను పక్కపక్కన పెట్టి తగ్గాయి, పెరిగాయి అంటే, చెట్టు మీద కాకులను లెక్కపెట్టమంటే కావు కావులను లెక్కపెట్టినట్టే.

అందుకే ఆ మధ్యాహ్నం నేను పీఆర్వోను అడిగింది అప్లికేషన్ల గురించి కాదు. "పోయినేడాది ఎంతమంది చేరారండీ?" అన్నాను. చేరినవాళ్ల సంఖ్యలో ఒక పిల్ల ఒక్కసారే ఉంటుంది, ఫీజు రసీదుతో సహా ఉంటుంది. మీ ఇంటికి ఎవరైనా వస్తే మీరూ ఇదొక్కటే అడగండి. అప్లికేషన్లు ఎన్నని కాదు, చేరినవాళ్లు ఎంతమందని.

ఆయన ఫైలు తెరిచాడు. రెండు కాగితాలు తిప్పాడు. మూశాడు. "ఆ లెక్క ఆఫీసులో ఉంటుంది సార్, కనుక్కుని చెబుతాను" అన్నాడు. ఇంకో గ్లాసు నీళ్లు తాగి, ఎండలోకి దిగి వెళ్లిపోయాడు. ఇక ఈ మనిషి మళ్లీ కనపడడనుకున్నాను.

మూడో రోజు సాయంత్రం ఫోను మోగింది. ఆయనే. "సార్, 180 సీట్లు. చేరింది 64 మంది" అన్నాడు. కాసేపు ఆగి, గొంతు తగ్గించి, "నేను చెప్పానని ఎక్కడా అనకండి సార్" అన్నాడు.

ఆయన పేరూ, ఆ కాలేజీ పేరూ ఈ రేడియోలో కూడా చెప్పను. మాటిచ్చాను. సెలవు, నమస్కారం.