ప్రవక్త అంటే రేపటి సంగతి చెప్పేవాడేనా?

[తెరపై: చిన్న చర్చి. బల్ల మీద రేకు డబ్బా, దానికి అంటించిన కాగితం మీద 'ప్రార్థన మనవులు' అన్న అక్షరాలు]

అందరికీ వందనాలు.

మా సంఘంలో ఆరాధనకు ముందు గుమ్మం దగ్గర ఇలాంటి డబ్బా ఒకటి పెడతాం. ఎవరి మనవి వాళ్లు చీటీ మీద రాసి అందులో వేస్తారు. పరీక్షలు, పెళ్లి సంబంధాలు, మోకాళ్ల నొప్పులు, వీసాలు. ప్రసంగం అయ్యాక ఆ చీటీలు మైకులో చదివే పని కొన్నేళ్లుగా నాదే.

ఒక ఆదివారం నోటుబుక్కులోంచి చింపిన కాగితం ఒకటి వచ్చింది. "మూడు నెలల జీతం కాంట్రాక్టర్ ఇవ్వలేదు. అడిగితే రేపటి నుంచి పనిలోకి రావద్దన్నాడు. పాప ఫీజు కట్టాలి." కింద పేరు కూడా ఉంది.

నేను మైకులో చదివింది ఇది: "ఒక సహోదరి ఆర్థిక ఇబ్బందుల కోసం ప్రార్థన చేద్దాం." అందరూ ఆమెన్ అన్నారు.

ఆ కాంట్రాక్టర్ మూడో వరుసలోనే కూర్చుని ఉన్నాడు. చర్చిలో తిరుగుతున్న ఫ్యాన్లు ఆయన ఇచ్చినవే.

చీటీలో ఉన్న కాంట్రాక్టర్, మూడు నెలలు, పాప ఫీజు నా నోటి దాకా వచ్చేసరికి ఎటు పోయాయి? ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. దానికి జవాబు వెతుక్కుంటూ బైబిల్లో ప్రవక్తల పుస్తకాలు మళ్లీ మొదటి నుంచి చదివాను. ఈ వీడియో అందుకే.

[తెరపై: డిసెంబర్ 31 రాత్రి ఆరాధన. చేతుల్లో వాగ్దాన కార్డులు]

మన దగ్గర ప్రవచనం అనగానే గుర్తొచ్చేది ఏమిటి? ఈ ఏడాది నీకు ఉద్యోగం వస్తుంది, ఇల్లు కడతావు, నీ శత్రువులు సిగ్గుపడతారు. ఆ మాటల్లో ఆదరణ ఉంది, కాదనను. కష్టంలో ఉన్న మనిషికి ఆశ కావాలి. కానీ బైబిల్లో ఆ మాటకు అర్థం ఇంకా పెద్దది. నిర్గమకాండం 7వ అధ్యాయం తీసి చూడండి. మోషేతో దేవుడు, నీ అన్న అహరోను నీకు ప్రవక్తగా ఉంటాడు అంటాడు. అహరోను అక్కడ జాతకం ఏమీ చెప్పలేదు. నోరు తిరగని తమ్ముడి తరఫున ఈజిప్టు రాజు ఫరో ముందు నిలబడి మాట్లాడాడు. ఒకరి మాటను ఇంకొకరికి మోసుకెళ్లే నోరు, అదీ ప్రవక్త. ముందు జరగబోయేది చెప్పడం కూడా అందులో ఉంది. అయితే ఎక్కువసార్లు అది "మీరు ఇలాగే చేస్తూ పోతే ఏమవుతుందో చూడండి" అన్న హెచ్చరికగానే వస్తుంది.

ఆమోసు సంగతే తీసుకుందాం. క్రీస్తుపూర్వం 8వ శతాబ్దం. ఊరు తెకోవ, యూదా కొండల్లో. గొర్రెలు కాసుకునేవాడు, మేడిపళ్లు ఏరుకునేవాడు. తండ్రి ప్రవక్త కాదు, తాను ప్రవక్తల బడిలో చదువుకోలేదు. అలాంటి మనిషి ఎల్ల దాటి ఉత్తరాన ఇశ్రాయేలు రాజ్యంలోకి వెళ్లి మాట్లాడాడు.

అప్పుడు అక్కడ రెండో యరొబాము పాలన. రాజ్యం పెరిగింది, వ్యాపారం బాగుంది, పెద్ద ఇళ్లలో దంతపు మంచాలు. ఆలయాలు కిటకిటలాడుతున్నాయి. పైకి చూస్తే అంతా దీవెనే. మేడిపండు పొట్ట విప్పితే ఏముంటుందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పళ్లతోనే బతికినవాడు ఆమోసు.

ఆయన మాట్లాడిన తీరు చూడండి. మొదట దమస్కు చేసిన పాపం చెప్పాడు. తర్వాత గాజా, తూరు, ఎదోము, అమ్మోను, మోయాబు. అన్నీ పక్క దేశాలు. వింటున్నవాళ్లు ఎంత సంబరపడి ఉంటారో ఊహించుకోండి. తర్వాత యూదా. అది ఆయన సొంత దేశం. చివరికి వేలు వింటున్నవాళ్ల వైపే తిరిగింది: ఇశ్రాయేలూ, నీ సంగతి ఏమిటి? వెండి కోసం నీతిమంతుణ్ణి అమ్మారు, ఒక జత చెప్పుల కోసం పేదవాణ్ణి అమ్మారు. అప్పు తీర్చలేనివాణ్ణి దాసుడిగా అమ్మేసే రోజులవి.

ఇంకో చోట బజారులోకే వెళ్తాడు. పండుగ ఎప్పుడు అయిపోతుందా, కొట్లు ఎప్పుడు తెరుద్దామా అని తొందరపడే వర్తకులు. ధాన్యం కొలిచే పాత్ర చిన్నది, వెండి తూచే రాయి పెద్దది. గోధుమల్లో చెత్త కలిపి అదే ధరకు అమ్మకం. ఎవరి సంచిలో ఎంత తగ్గిందో కూడా తెలిసిన మనిషిలా మాట్లాడాడు. అందుకే ఆ మాటలు తగిలాయి. "సమాజంలో అన్యాయం పెరిగిపోయింది" అని ఊరుకుని ఉంటే ఎవరూ కదిలేవాళ్లు కారు.

బేతేలు ఆలయ యాజకుడు అమజ్యా ఆయన్ని పొమ్మన్నాడు. మీ దేశానికి పోయి అక్కడే ప్రవచనం చెప్పుకుని బతుకు, ఇక్కడ నోరెత్తకు, ఇది రాజుగారి ఆలయం అన్నాడు. దేవుడి మందిరంలో సేవ చేసేవాడి నోట వచ్చిన మాట అది. నేను ఆ వచనం దగ్గర ఆగిపోయాను. మా ఫ్యాన్లు గుర్తొచ్చాయి.

[తెరపై: ప్రపంచపటం. మధ్య అమెరికాలో చిన్న దేశం ఎల్ సాల్వడార్]

ఇది పాత నిబంధన కథే అనుకోకండి. 1977-80 మధ్య ఎల్ సాల్వడార్‌లో జరిగింది చెబుతాను. కాఫీ తోటల దేశం. భూమి కొద్ది కుటుంబాల చేతిలో ఉండేది. తోటల్లో గింజలు కోసేవాళ్లకు కడుపు నిండే కూలి లేదు. సంఘం పెట్టుకుని కూలి పెంచమంటే సైన్యం వచ్చేది, రాత్రిపూట ముసుగు దళాలు వచ్చేవి.

1977 ఫిబ్రవరిలో రాజధాని శాన్ సాల్వడార్‌కు కొత్త ఆర్చిబిషప్, అంటే ఆ ప్రాంతపు క్యాథలిక్ చర్చికి పెద్ద, వచ్చాడు. పేరు ఆస్కార్ రొమెరో. పుస్తకాలు చదువుకునే నెమ్మదస్తుడు, పెద్దవాళ్లకు ఎదురు చెప్పడని పేరు. ఈయనైతే ఇబ్బంది ఉండదని భూస్వాములు ఊపిరి పీల్చుకున్నారు.

నెల తిరగలేదు. మార్చి 12న ఆయన స్నేహితుడు, పల్లెల్లో రైతుకూలీల మధ్య పనిచేసే రుతిలియో గ్రాండే అనే క్యాథలిక్ ఫాదర్‌ను దారికాచి కాల్చి చంపారు. కారులో ఆయనతో ఉన్న ఒక ముసలాయన, ఒక పిల్లవాడు కూడా చనిపోయారు. రొమెరో ఆ రాత్రే వెళ్లి మూడు శవాల పక్కన నిలబడ్డాడు. మార్చి 20, ఆదివారం తన మేత్రాసనంలో, అంటే తన అధికారం కింద ఉన్న ప్రాంతంలో, మిగతా చర్చిలన్నిటిలో పూజలు ఆపించి, కెథెడ్రల్‌లో ఒకే ఒక్క పూజ జరిపించాడు. పోప్ రాయబారి వద్దన్నా ఆగలేదు. ఆ రోజు వచ్చిన జనం సుమారు లక్ష మంది.

నన్ను కదిలించింది ఆ తర్వాత ఆయన ప్రతి ఆదివారం చేసిన పని. ముందు వాక్యం వివరించేవాడు. తర్వాత ఆ వారం దేశంలో ఏం జరిగిందో చెప్పేవాడు. ఎవరిని చంపారు, ఎవరిని ఎత్తుకుపోయారు, ఏ ఊళ్లో, ఏ రోజున. పేర్లు చదివేవాడు. ఆ ప్రసంగం వై.ఎస్.ఏ.ఎక్స్. అనే చర్చి రేడియోలో వచ్చేది. పల్లెల్లో, మురికివాడల్లో చాలా ఇళ్లలో రేడియో పెట్టుకుని వినేవాళ్లు. పత్రికలు రాయని కొడుకు పేరు ఆర్చిబిషప్ నోట వస్తే ఆ తల్లికి ఎలా ఉండి ఉంటుందో మీరే ఆలోచించండి. ఆ పేర్లు వినలేని వాళ్లు రేడియో స్టేషన్‌ను బాంబులతో పేల్చారు. పేల్చిన ప్రతిసారీ మళ్లీ కట్టుకున్నారు.

ఆయన ఒక పక్షానికే వంతపాడలేదు. తిరుగుబాటుదారులు మనుషుల్ని కిడ్నాప్ చేసి చంపినప్పుడు అది కూడా తప్పేనని అదే మైకులో చెప్పాడు. అయినా కమ్యూనిస్టు అన్నారు. తోటి బిషప్‌లలో ఎక్కువమంది ఆయనకు ఎదురు తిరిగారు. బయటివాళ్లు తిడితే మోయొచ్చు, సొంతవాళ్లు వదిలేస్తేనే బరువు.

1980 మార్చి 23, ఆదివారం. ఆయన సైనికులతో నేరుగా మాట్లాడాడు. మీరు చంపుతున్నది మీ సోదర రైతులనే, దేవుడు చంపవద్దన్నాక ఏ అధికారి ఆజ్ఞా మీ మీద చెల్లదు, దేవుడి పేరిట ఈ అణచివేత ఆపండి అన్నాడు. మరునాటి సాయంత్రం క్యాన్సర్ రోగుల ఆసుపత్రి ప్రార్థనాలయంలో పూజ చేస్తుండగా ఒకే ఒక్క తూటాతో ఆయన్ని కాల్చారు. హత్యకు ఆజ్ఞ ఇచ్చింది మాజీ మేజర్ రొబెర్తో దొబ్విసాన్ అని ఐక్యరాజ్యసమితి సత్య కమిషన్ 1993లో తేల్చింది. 2018 అక్టోబర్ 14న చర్చి ఆయన్ని పునీతుడిగా ప్రకటించింది. ఆ రోజు పోప్ ఫ్రాన్సిస్ నడుముకు కట్టుకున్నది, రొమెరో చనిపోయినప్పుడు ధరించిన రక్తపు మరకల దట్టీ.

[తెరపై: గుండ్లకమ్మ నది]

మన నేల మీదా ఇలాంటి గడియ ఒకటి వచ్చింది. 1866లో జాన్ క్లఫ్ అనే బాప్టిస్టు మిషనరీ ఒంగోలు చేరాడు. పై కులాల కుటుంబాలు కొన్ని ఆసక్తి చూపించాయి. ఇంతలో మాదిగ పల్లెల నుంచి జనం రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మేం రాం, మా పిల్లల్ని మీ బడికి పంపం అన్నారు పెద్దలు. ఏం చేయాలో తెలియక క్లఫ్ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ దొరికింది ఒకే భాగమట: మొదటి కొరింథీ మొదటి అధ్యాయం, లోకం నీచంగా చూసినవాళ్లనే దేవుడు ఎన్నుకున్నాడన్న మాట. తలుపు మాదిగలకు తెరిచారు. పెద్దలు వెళ్లిపోయారు.

1876-78 కరువులో క్లఫ్ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న ఒక్క రోజులో 2222 మంది వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో దిగారు. చూశారా, అక్కడ కాంట్రాక్టరూ ఆయనే, బోధకుడూ ఆయనే.

ఆ చరిత్ర మనం గర్వంగా చెప్పుకుంటాం. పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి మాత్రం "మనవాళ్లేనా" అని అడుగుతాం. ఈ మాట చెప్పకుండా నేను ప్రభుత్వాన్నో పక్కవాళ్లనో విమర్శిస్తే అది ఆమోసు మొదటి సగమే అవుతుంది. దమస్కు, గాజా దగ్గరే ఆగిపోయినట్టు.

మరి ఇది రాజకీయం కదా, చర్చికెందుకు అని చాలామంది అడుగుతారు. ఫలానా పార్టీకి ఓటేయండని ప్రసంగ పీఠం మీంచి చెప్పడం నాకూ ఇష్టం లేదు. కానీ కూలివాడి జీతం పొద్దుగుంకక ముందే ఇచ్చెయ్యమన్నది ద్వితీయోపదేశకాండం. ఎగ్గొట్టిన కూలి దేవుడికి మొరపెడుతుందన్నది యాకోబు పత్రిక. అది రాజకీయమైతే బైబిల్లో చాలా పేజీలు చింపేయాలి.

[తెరపై: మళ్లీ అదే డబ్బా]

ఇక ఆ చీటీ సంగతి. మత్తయి 18లో యేసు ప్రభువు వరుస చెప్పాడు: ముందు ఒక్కడివే వెళ్లి మాట్లాడు, వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. నేను వెళ్లాను. "పైనుంచి బిల్లు రాలేదు బ్రదర్" అన్నాడు. రెండోసారి పాస్టర్ గారు, ఇంకో పెద్దాయన, నేను వెళ్లాం. టీ ఇచ్చాడు, జీతం మాట ఎత్తితే ఫోన్ చూసుకున్నాడు.

అప్పుడు ఆమెను అడిగాను. "అక్కా, సంఘంలో చదవమంటావా? నీకు ఇబ్బంది అయితే వద్దు." కాసేపు ఆలోచించి, "నా పేరు వద్దయ్యా. మూడు నెలలని మాత్రం చెప్పు" అంది.

ఆ ఆదివారం చీటీలో ఉన్నది ఉన్నట్టు చదివాను. జీతం, మూడు నెలలు, పనిలోకి రావద్దన్న మాట, పాప ఫీజు. ఆమెన్ వినపడలేదు. కాసేపు ఫ్యాన్ల చప్పుడు ఒక్కటే. చివరి దీవెన కాకముందే ఆయన లేచి వెళ్లిపోయాడు.

రెండు నెలల జీతం ఇచ్చాడు. మూడోది ఇంకా బాకీ ఉంది. ఆ చీటీ నా బైబిల్లోనే పెట్టుకున్నాను, ఆదివారం మళ్లీ చదవాలి.