తోలు కింద పచ్చటి బొడిపె

శ్రోతలకు నమస్కారం.

పాత ఫిల్మ్ కెమెరా ఒకటి చేతికొచ్చిందనుకోండి. మన వేలు ముందు దేని మీదకి పోతుంది? గీతల మీదకి. ఇక్కడ పెయింట్ పోయింది, అక్కడ తోలు లేచింది, అదిగో మూల మీద సొట్ట. వెంటనే కొత్తదానిలా చేసేయాలని ఆత్రం పుడుతుంది. ఇవాళ చెప్పబోయేది ఆ ఆత్రం గురించే.

అసలు ముట్టుకోకూడనివి రెండున్నాయి. నల్ల పెయింట్ అరిగి, అంచుల్లో పసుపుపచ్చగా మెరుస్తోందంటే అది లోపలి ఇత్తడి. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ నల్ల మోడల్ బాగా వాడినదైతే ఈ అరుగుదల చక్కగా కనిపిస్తుంది. ఇన్నేళ్లూ పట్టుకున్నవాళ్ల వేళ్లు ఎక్కడ ఆనాయో చెబుతుంది. దాని మీద మళ్లీ రంగు వేయడానికి నాకు చేతులు రావు. రెండోది, 1976లో వచ్చిన కానన్ ఏఈ-1 లాంటివి. పై కవర్ లోహంలాగే ఉంటుంది, కానీ అది ప్లాస్టిక్ మీద వేసిన పూత. పాలిష్ పెట్టి రుద్దారంటే గీతతో పాటు పూతా పోతుంది.

ఇక నాకు ఇష్టమైన కథకి వస్తాను.

మా పెదనాన్న వాడిన కెమెరా ఒకటి నా దగ్గరుంది. దాని వెనక తలుపు మీద, తోలు కింద కందిగింజంత బొడిపె లేచింది. గాలి బుడగేమో అనుకుని బొటనవేలితో నొక్కాను. అణగలేదు. గట్టిగా రాయిలా తగిలింది. ఇంకొంచెం నొక్కి ఉంటే తోలు చిట్లేది.

అది గాలి కాదు, కిలుం. తోలు కింద ఇత్తడి రివెట్ ఉంటుంది. ఇత్తడిలో రాగి ఉంటుంది కదా, తేమా, తోలులోని పదార్థాలూ తగిలి ఏళ్ల తరబడి కిలుం పేరుకుంటుంది. పేరుకున్నకొద్దీ తోలుని పైకి నెడుతుంది. కెమెరాలు సేకరించేవాళ్లు వీటిని జైస్ బంప్స్ అంటారు, అంటే జైస్ అనే కంపెనీ కెమెరాల బొడిపెలు అని. పేరు అలా స్థిరపడిపోయింది గానీ, వేరే కంపెనీల కెమెరాల్లోనూ వస్తాయి. నాది వేరే కంపెనీదే.

పైనుంచి నొక్కినా, సుత్తితో తట్టినా లాభం లేదు. తోలు లేపాలి. ఒక అంచు దగ్గర సన్నటి కుంచెతో ఒక్క చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టాను. ఒక్క చుక్కే. ఆగాను. పాత జిగురు మెత్తబడ్డాక పలుచటి ప్లాస్టిక్ ముక్క దూర్చాను. మళ్లీ చుక్క, మళ్లీ ఆగడం. అరచెయ్యంత తోలు లేపడానికి గంట పైనే పట్టింది. పాత తోలు ఎండిపోయి పెళుసుగా ఉంటుంది, లాగితే విరుగుతుంది. కాబట్టి ఆగాలి. ఆగడమే ఇందులో సగం పని.

లేపి చూస్తే రివెట్ తల మీద పచ్చటి ముద్ద. పళ్లు కుట్టుకునే పుల్లతో మెల్లగా గీకాను, ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తుడిచాను. ఆ పచ్చపొడి ఒంటికి మంచిది కాదు, పీల్చకండి, పనయ్యాక చేతులు కడుక్కోండి. రివెట్ తలని మాత్రం ఆకురాయితో అరగదీయకండి. లోపల అది దేన్నో పట్టి ఉంచింది. శుభ్రమైన లోహం మీద రంగులేని నెయిల్ పాలిష్ పలుచగా ఒక పూత వేశాను, మళ్లీ తేమ తగలకుండా.

తోలు తిరిగి అతికించాక, బొడిపె ఉన్నచోట చిన్న ముడత మిగిలింది. అన్నేళ్లు సాగిన తోలు మరి. అది అలాగే ఉంది, వేలితో తడిమితే తెలుస్తుంది. ఉండనివ్వండి.

సమయం దగ్గర పడుతోంది. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోమంటాను, జిగురు సంగతి. సూపర్ గ్లూ వాడకండి. మళ్లీ చెబుతున్నాను, సూపర్ గ్లూ వాడకండి. అది ఆరేటప్పుడు వచ్చే ఆవిరి పక్కనున్న గాజు మీద తెల్లటి మసకలా పేరుకుంటుంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకోటుంది. చాలా కెమెరాల్లో మరలు ఈ తోలు కిందే దాగి ఉంటాయి. రేపు షట్టర్ ఆగిపోతే, బాగుచేసేవాళ్లు మొదట లేపాల్సింది ఈ తోలునే. అది రాయిలా అతుక్కుని ఉంటే చింపడం తప్ప వాళ్లకి దారి ఉండదు. రెండువైపులా అంటుకునే పలుచటి టేపు చాలు, లేదా పలుచగా రాసిన రబ్బరు జిగురు.

ఏదైనా సరే, ముందు పరీక్షించండి. పనికిరాని తోలు ముక్కని ఒక రేకు మీద అతికించి రాత్రంతా వదిలేయండి. మర్నాడు మూల పట్టుకుని మెల్లగా లాగండి. చిరక్కుండా ఊడొస్తే, ఆ జిగురు మీ కెమెరాకి వాడొచ్చు.

నమస్కారం.