లిక్విడ్ కూలర్ పంప్ స్పీడ్ ఎంత పెట్టాలి? ఫ్యాన్ లెక్క వేరు, పంప్ లెక్క వేరు

నమస్తే అండి. కొత్తగా ఏఐఓ (పంప్, రేడియేటర్ అన్నీ కలిపి సీల్ చేసి వచ్చే లిక్విడ్ కూలర్) బిగించుకున్నవాళ్ళు చాలామంది బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్ళి ఫ్యాన్లకి పెట్టినట్టే పంప్‌కి కూడా కర్వ్ పెట్టేస్తున్నారు, ప్రాసెసర్ 40 డిగ్రీలుంటే 30 పర్సెంట్, 80కి వెళ్తే 100 పర్సెంట్ అని. ఇంక చూడండి, బ్రౌజర్‌లో ఒక ట్యాబ్ ఓపెన్ చేసినా పంప్ గుయ్‌మని లేస్తుంది, రెండు సెకన్లకి పడిపోతుంది, మళ్ళీ లేస్తుంది, రోజంతా ఇదే గోల. పంప్‌కి కర్వ్ వద్దండి, ఒకటే స్పీడ్ ఫిక్స్ చేసి వదిలేయండి, పెరగడం తగ్గడం ఫ్యాన్లు చూసుకుంటాయి.

ఎందుకలా అంటున్నానో లెక్క వేసి చూపిస్తా.

[స్క్రీన్ మీద లెక్క]

పంప్ పని వేడిని ప్రాసెసర్ దగ్గర్నుంచి రేడియేటర్ దాకా మోసుకెళ్ళడం, అక్కడ దాన్ని గాల్లోకి తోసేది ఫ్యాన్లు. ఒక గ్రాము నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 4.18 జౌల్స్ కావాలి, అంటే నీళ్ళు చాలా వేడిని పట్టుకుంటాయి. మీ ప్రాసెసర్ 200 వాట్లు లాగుతోంది, లోపల నిమిషానికి ఒక లీటర్ తిరుగుతోంది అనుకోండి, ప్రాసెసర్ మీద కూర్చునే బ్లాక్‌లోకి వెళ్ళే నీళ్ళకీ బయటికొచ్చే నీళ్ళకీ తేడా సుమారు 2.9 డిగ్రీలు, అంతే. ఫ్లో డబుల్ చేస్తే 1.4 అవుతుంది. ప్రాసెసర్‌ని తాకే కోల్డ్ ప్లేట్ దగ్గర ఇంకాస్త లాభం ఉంటుంది కానీ స్పీడ్ పెరిగేకొద్దీ అదీ తగ్గిపోతూ వస్తుంది, మోత మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అదే నిమిషానికి పావు లీటర్‌కి దించేశారనుకోండి, తేడా 11 డిగ్రీలు దాటిపోతుంది. అందుకే మరీ తక్కువ పెడితే దెబ్బ, ఒక స్థాయి దాటాక ఎంత పెంచినా పెద్ద తేడా ఉండదు.

సరే, సెట్టింగ్‌కి వద్దాం. ముందు పంప్ వైర్ ఎక్కడ పెట్టారో చూసుకోండి. మదర్‌బోర్డు మీద ఏఐఓ పంప్ అనో పంప్ ఫ్యాన్ అనో రాసి ఉన్న హెడర్ (వైరు గుచ్చే పిన్నులు) ఉంటుంది, మామూలుగా అది ఫుల్ స్పీడ్‌లోనే ఉంటుంది. పీసీ ఆన్ అవుతుండగా డిలీట్ కీ కొట్టి బయోస్‌లోకి వెళ్ళండి, ఆసుస్‌లో క్యూ-ఫ్యాన్, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్, ఎంఎస్ఐలో హార్డ్‌వేర్ మానిటర్, పేర్లే వేరు, లోపల ఉండేది ఒకటే. నాలుగు పిన్నుల పంప్ అయితే మోడ్ కచ్చితంగా పీడబ్ల్యూఎంలో (వోల్టేజ్ తగ్గించకుండా సిగ్నల్‌తో స్పీడ్ మార్చే పద్ధతి) ఉండాలి, డీసీలో పెడితే బోర్డు 12 వోల్టుల్ని తగ్గించేస్తుంది, పంప్ సరిగ్గా తిరక్క ఆగిపోవచ్చు కూడా. ఇంకొకటి, కొన్ని పంపులు కరెంటు పవర్ సప్లై నుంచి వచ్చే సాటా కేబుల్ నుంచి తీసుకుంటాయి, మదర్‌బోర్డుకి వెళ్ళే వైరు ఆర్‌పీఎం చెప్పడానికే, వాటికి బయోస్‌లో ఎంత మార్చినా ఏమీ జరగదు, కోర్సెయిర్ ఐక్యూ లాంటి కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో మార్చాల్సిందే. ఆర్కిటిక్ లిక్విడ్ ఫ్రీజర్ 2 అయితే ఇంకో రకం, పంపు, ఫ్యాన్లు అన్నిటికీ ఒకటే కేబుల్, కాబట్టి దానికి మాత్రం కర్వ్ తప్పదు, మరీ కిందకి దిగకుండా పెట్టుకోండి.

ఇప్పుడు ఎంత పెట్టాలి? ఏఐఓ అయితే 70 నుంచి 80 పర్సెంట్ మధ్య నాకు బాగా నచ్చుతుంది. విడి భాగాలు కొని మీరే కట్టుకున్న కస్టమ్ లూప్‌లో డీ5 రకం పంప్ ఉంటే అది 4800 ఆర్‌పీఎం దాకా వెళ్తుంది, అంత అక్కర్లేదు, చాలా లూపులకి 50, 60 పర్సెంట్ సరిపోతుంది. కానీ నంబర్ కన్నా మీ చెవి ముఖ్యం. రాత్రి ఇల్లు సద్దుమణిగాక సీలింగ్ ఫ్యాన్ ఆపేసి, పంప్ 100లో పెట్టి ఐదైదు తగ్గిస్తూ రండి. ఒక చోట క్యాబినెట్ రేకు మొత్తం జుమ్మని మోగుతుంది, ఇంకో ఐదు తగ్గించగానే ఠక్కున ఆగిపోతుంది, ఆ మోగే స్పీడ్‌ని మాత్రం తప్పించండి. తర్వాత ప్రాసెసర్‌కి ఫుల్ లోడ్ ఇచ్చే సినీబెంచ్ ఒక పది నిమిషాలు నడిపి టెంపరేచర్ చూడండి, 100లో పెట్టినప్పటికీ ఇప్పటికీ ఒకట్రెండు డిగ్రీలే తేడా ఉంటే అయిపోయినట్టే.

ఫ్యాన్లకి వీలుంటే కూలెంట్ (లోపలి నీళ్ళ) టెంపరేచర్ని సోర్స్‌గా పెట్టండి, నీళ్ళు నెమ్మదిగా వేడెక్కుతాయి కాబట్టి ఫ్యాన్లు కూడా నెమ్మదిగా కదులుతాయి. ఆ సెన్సర్ లేకపోతే స్టెప్ అప్ టైమ్, అంటే ఫ్యాన్ స్పీడ్ పెరగడానికి తీసుకునే టైమ్ పెంచుకోండి.

మన విజయవాడ మే నెలలో గది 38 డిగ్రీలుంటే లోపలి నీళ్ళు దానికన్నా పైనే ఉంటాయి, కిందకి రమ్మన్నా రావు. అప్పుడు పంప్ పెంచి లాభం లేదు, ఫ్యాన్లు పెంచండి, రేడియేటర్ దుమ్ము దులపండి.

గలగలా నీళ్ళ శబ్దం వస్తే అది స్పీడ్ సమస్య కాదు, పంప్‌లోకి గాలి చేరింది. నీళ్ళు లేకుండా బోరు మోటారు నడిపితే ఏమవుతుందో తెలుసుగా, దీనికీ అంతే, బేరింగ్‌కి నూనె ఆ నీళ్ళే. రేడియేటర్ పైన ఉండేలా బిగించి, పంప్‌ని ఓ అరగంట ఫుల్ స్పీడ్‌లో వదలండి, బుడగలు పైకెళ్ళిపోతాయి.

చివరగా హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో పంప్ ఆర్‌పీఎం చూసుకోండి. సున్నా చూపిస్తూ, ఏ పనీ లేకుండానే ప్రాసెసర్ 90కి ఎక్కేస్తుంటే వెంటనే షట్‌డౌన్ చేసి వైరు చెక్ చేయండి. సున్నా చూపిస్తున్నా టెంపరేచర్లు మామూలుగా ఉంటే మాత్రం కంగారొద్దు, ఆర్‌పీఎం చెప్పే వైరు వేరే హెడర్‌లో ఉండి ఉంటుంది.