లెక్కల నోటుబుక్కు వెనక పేజీలు

శ్రోతలందరికీ నమస్కారం.

విడాకుల కేసు నడుస్తుండగానూ, విడాకులు వచ్చాకనూ భార్యకు అందవలసిన భరణం గురించి ఈ పూట మాట్లాడుకుందాం. మన ఇళ్లలో దీన్నే మనోవర్తి అంటారు. చట్టం చాలా పెద్దది, నాకిచ్చిన సమయం తక్కువ. అందుకని ఒక్క నోటుబుక్కు సంగతి చెబుతాను.

కొన్నేళ్ల క్రితం ఒకామె నా దగ్గరికి వచ్చింది. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఏడేళ్ల కూతురికి ఉబ్బసం. భర్త విడాకులు కోరుతూ ఫ్యామిలీ కోర్టుకు వెళ్లాడు, నోటీసు అందాక ఈమె కదిలింది. అప్పటికే ఏడాదిన్నరగా పుట్టింట్లో ఉంటోంది. ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నావమ్మా అంటే, "పెద్దమనుషులు మాట్లాడుతున్నారు కదా మేడం, కోర్టుకెక్కితే కాపురం నిలవదన్నారు" అంది.

"నెలకు ఎంత ఖర్చవుతుందమ్మా?" అని అడిగాను.

"ఏదో అవుతుంది మేడం."

ఆ "ఏదో" పట్టుకుని ఏ జడ్జిగారైనా ఎంతని రాస్తారు? భరణం కేసుల్లో భార్యాభర్తలిద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, నెలసరి ఖర్చులు అఫిడవిట్‌లో రాసి ఇవ్వాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కాగితంలో "ఏదో"కు చోటు లేదు. రోజూ పద్దు రాసి తీసుకురమ్మని చెప్పి పంపాను.

నెల తిరిగాక కూతురి పాత లెక్కల నోటుబుక్కు తెచ్చింది. ముందు పేజీల్లో పిల్ల చేసిన కూడికలు, వెనక పేజీల్లో తల్లి రాసిన పద్దు. పాలు, గ్యాసుబండ, బడి ఆటో, పిల్ల పీల్చే మందు, కరెంటు బిల్లులో తన వాటాగా అన్న చేతిలో పెట్టిన మూడు వందలు. రూపాయి రూపాయి రాసింది. ఆసాంతం చూశాను. అందులో తన కోసం పెట్టిన ఖర్చు ఒక్కటీ లేదు.

తలెత్తి చూస్తే, ఆమె కళ్లజోడుకు ఒకవైపు కాడ విరిగిపోయి ఉంది. నల్ల కుట్టుదారం చుట్టి ముడి వేసుకుంది. పొద్దస్తమానం సూదిలో దారం ఎక్కించే మనిషి!

"మరి ఇది?" అన్నాను.

"అదీ రాయాలా మేడం?"

రాయాలమ్మా. అదీ రాయాలి. భరణమంటే పిల్లల తిండి ఖర్చు ఒక్కటే అనుకుంటారు. ఆ ఇంట్లో ఏ తీరున బతికిందో ఇంచుమించు ఆ తీరున బతకడానికి కావలసినది అడగవచ్చు. అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. ఇన్నేళ్లు ఆ ఇంటికి చేసిన చాకిరీకి ఎవరు కట్టారు లెక్క?

భర్త తరఫున ఏమన్నారంటే, ఆమె కుట్టుపని చేస్తుంది, సంపాదన ఉంది అన్నారు. నాలుగు రాళ్లు సంపాదిస్తున్నంత మాత్రాన భరణం అడిగే హక్కు పోదు, ఆ రాబడి బతకడానికి చాలుతుందా అన్నది చూడాలి. ఆయన అఫిడవిట్‌లో జీతం తక్కువగానే ఉంది. దాని పక్కనే నెలనెలా ప్లాటుకు కడుతున్న వాయిదా కూడా ఉంది. జడ్జిగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివారు. మధ్యంతర భరణం మంజూరైంది, కేసు ఖర్చులు కూడా ఇమ్మన్నారు.

ఎప్పటి నుంచి? దరఖాస్తు వేసిన తేదీ నుంచి. ఇది గట్టిగా చెబుతున్నాను, దరఖాస్తు వేసిన తేదీ నుంచి. పుట్టింట్లో గడిపిన ఆ ఏడాదిన్నరకు ఆమెకు ఒక్క రూపాయి రాలేదు. పెద్దమనుషుల మాటలు సాగుతుంటే సాగనివ్వండి, దరఖాస్తు మాత్రం వేసి ఉంచండి. రాజీ కుదిరితే వెనక్కి తీసుకోవచ్చు. పోయిన నెలలు మాత్రం తిరిగి రావు.

మిగతావి క్లుప్తంగా. హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కేసు నడిచే కాలానికి, 25వ సెక్షన్ విడాకుల తర్వాతి శాశ్వత భరణానికి. ఈ రెండింటి కింద ఆధారం లేని భర్త కూడా అడగవచ్చు. భార్యాపిల్లల భరణానికి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉన్న పాత 125వ సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని చోట వచ్చిన కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144 అయింది. దీనికి మతంతో పని లేదు. విడాకులు పొందిన ముస్లిం మహిళలకూ ఇది వర్తిస్తుందని అదే నెలలో, తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే, సుప్రీంకోర్టు తేల్చింది. మళ్లీ పెళ్లి చేసుకోనంత వరకు విడాకులైన భార్య కూడా ఈ సెక్షన్ కింద భార్యే. వకీలుకు ఇచ్చే స్తోమత లేదని ఆగవద్దు. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి.

ఉత్తర్వు వచ్చాక డబ్బు ఆగిపోయే ఇళ్లూ ఉన్నాయి. 144 కింద వచ్చిన ఉత్తర్వైతే, బకాయి పడిన ఏడాదిలోపే వసూలుకు అర్జీ పెట్టాలి. అందుకే నోటుబుక్కు మూసేయవద్దన్నాను ఆమెతో. మొన్న కలిసినప్పుడు చూపించింది. కొత్త పేజీల్లో ఖర్చుల పక్కన ఇంకో వరుస గీసుకుంది. ఏ నెల డబ్బు ఏ తేదీన బ్యాంకులో పడిందో అందులో రాస్తోంది. పైన మొదటి వరుసలో, ఆమె చేతిరాతతోనే, "కళ్లజోడు" అని ఉంది.

సెలవు. నమస్కారం.